అల్మారాలో సరిగ్గా సగం

"ఇద్దరి బట్టలు పట్టాలండీ," అన్నాడు కళ్లజోళ్లబ్బాయి, గొడుగు ముడుస్తూ.

కుర్చీ కాలుకి ఉప్పుకాగితం రుద్దుతున్న టేపమ్మాయి చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది.

"ఎవరెవరివి?"

"నావీ, ఇంకొకరివీ. నా గదిలో గోడ అల్మారా ఉంది. తలుపు తీస్తే బట్టలన్నీ మీదపడి పలకరిస్తాయి. దాన్ని సర్ది, సగం ఖాళీ చేసి, మధ్యలో అడ్డుచెక్క వేయాలి. కొత్త వార్డ్‌రోబ్ కొనేంత సీను లేదండీ. మీ కొట్లో ఉన్న పాత సామానుతోనే ఏదో ఒకటి చేస్తారని వచ్చాను. ఆదివారానికి అయిపోవాలి."

"ఇంకొకరంటే?"

అతను వాన చినుకులు పడ్డ కళ్లజోడు తీసి చొక్కా అంచుకి తుడుచుకున్నాడు. "తను ఆదివారం వస్తోందండీ," అన్నాడు. అంతకుమించి చెప్పకూడదన్నట్టు నోరు మూసుకున్నాడు.

తను!

ఆ రెండక్షరాలూ టేపమ్మాయి చెవిలో చీమల్లా దూరాయి. ఆవిడ అనొచ్చు, ఆమె అనొచ్చు, ఫ్రెండ్ అనొచ్చు. 'తను' అని ఎవరినంటారు? కట్టుకున్నవాళ్లని అంటారు. లేదా కట్టుకోబోయేవాళ్లని అంటారు.

ఆమె మెడలో ఎప్పుడూ పసుప్పచ్చ కొలతల టేపు వేలాడుతుంటుంది కాబట్టి ఆ వీధిలో అందరికీ ఆమె టేపమ్మాయే. మేనత్త నడిపే పాత సామాన్ల కొట్లో విరిగినవి అతకడం, వదులైనవి బిగించడం, వెలిసినవాటికి రంగు వేయడం ఆమె పని. రోడ్డుకి అటువైపు కళ్లజోళ్ల షాపు. అందులో పనిచేసే ఈ అబ్బాయి షాపు పైనే రెండు గదుల ఇంట్లో ఉంటాడు. మేనత్త కళ్లజోడు బిగించుకు రావడానికి ఆమె ఈ ఏడాది నాలుగుసార్లు అటు వెళ్లింది. అందులో మూడుసార్లు స్క్రూ వదులు చేసింది ఆమే.

వచ్చినవాళ్లందరి చూపూ సరిచేసి పంపే మనిషికి ఎదురుగా నిలబడ్డ పిల్ల చూపు మాత్రం ఆనలేదు. ఇన్నాళ్లకి రోడ్డు దాటి తనంత తానుగా వచ్చాడు కదా అని సంబరపడేలోపే ఈ మాట అన్నాడు.

"చేస్తారా?"

"ఎందుకు చెయ్యనూ? పనే కదా!" అంది. ఉప్పుకాగితం ఆమె పిడికిట్లో నలిగి ఉండైపోయింది.

*

మర్నాడు మధ్యాహ్నం షాపు విరామంలో అతను అల్మారా తలుపు తీశాడు. అన్నంత పనీ అయింది. చొక్కాలు, టవళ్లు, ఒంటరి మేజోళ్లు, ఒక దిండు, ఎందుకుందో తెలియని సైకిల్ పంపు అన్నీ ధడధడా కిందపడ్డాయి.

టేపమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇది అల్మారానా? బస్టాండా?"

"ఉదయం తొమ్మిదింటికి షాపు తెరవాలండీ. ఏది చేతికొస్తే అది తొడుక్కుంటాను."

"తెలుస్తోంది. పోయిన మంగళవారం స్వెటర్ తిరగేసి వేసుకొచ్చారు."

"మీరు చూశారా?"

ఆమె నాలుక కరుచుకుంది. "రోడ్డంతా చూసింది. సరే, మూడు కుప్పలు వేద్దాం. వేసుకునేవి, ఎవరికైనా ఇచ్చేసేవి, గుడ్డపీలికలయ్యేవి. ఏడాదిగా ఒంటి మీదికి ఎక్కనిది ఏదైనా సరే, బయటికే. ఏడవకూడదు."

"ఏడవను."

అయిదు నిమిషాల్లోనే ఏడుపు మొహం పెట్టాడు. మోకాళ్ల దగ్గర చిరిగిన రెండు జీన్స్ ప్యాంట్లని ఆమె కత్తిరించబోతుంటే, "అవి నా కాలేజీ ప్యాంట్లండీ!" అని అడ్డం పడ్డాడు.

"కాలేజీ అయిపోయింది కదా? వీటి కాళ్లు కోసి, అడుగు కుట్టేసి, తలుపు లోపలివైపు సంచుల్లా వేలాడదీస్తాను. ఒకదాంట్లో మేజోళ్లు, ఒకదాంట్లో బెల్టులు. కొట్లో పాత పళ్లపెట్టెలున్నాయి, వాటిని రుద్ది రంగేస్తే అరలవుతాయి. కర్టెన్ పైపు కోసి హ్యాంగర్లకి కడ్డీ వేస్తాను. ఇక కొనాల్సింది మేకులే."

"మీ బుర్రలో ఎన్ని అరలున్నాయండీ!" అన్నాడతను మనస్ఫూర్తిగా.

ఆమెకి నవ్వొచ్చింది. వాన కిటికీ రెక్కని తడుతోంది. నేల మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, చొక్కాల మధ్య, ఒక్కో మేజోడుకి జత వెతుకుతూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటుంటే, కాసేపు ఆమె 'తను' అనే మాటే మర్చిపోయింది. ఈ ఇంట్లో రోజూ ఇలాగే కూర్చున్నట్టు అనిపించింది.

అప్పుడు ఆ స్వెటర్ బయటపడింది. బూడిద రంగుది. మోచేతుల దగ్గర చిల్లులు, ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి.

"ఇది గుడ్డపీలికల కుప్పలోకి," అంది.

అతను చటుక్కున లాక్కున్నాడు. "ఇది వద్దండీ. తను అల్లింది."

నవ్వు ఆవిరైపోయింది. "ఒక చెయ్యి పొట్టిగా ఉంది," అంది పొడిగా.

"మొదటిసారి అల్లడం కదా. అల్లుతుంటే పక్కనే కూర్చుని ఉండలు చుట్టి ఇచ్చేవాణ్ని." స్వెటర్ని జాగ్రత్తగా మడత పెడుతున్నాడు. తన చొక్కాలు ఒక్కటీ అలా మడత పెట్టలేదు! "అన్నట్టు, అరలకి నీలం రంగు వేస్తారా? తనకి నీలం ఇష్టం."

"నీలం అయిపోయింది," అని ఠక్కున చెప్పేసింది.

"ఏ రంగైనా సరేలెండి. ఒక్కటి మాత్రం మీకు మరీ మరీ చెబుతున్నాను. సరిగ్గా సగం. అంగుళం అటూ ఇటూ కాకూడదు. తను తలుపు తీయగానే ఈ సగం నాది అనిపించాలి."

"తన బట్టలు ఎంత పొడుగుంటాయి?" అడిగింది టేపు విప్పుతూ. పని చేసేవాళ్లకి కొలతలు కావాలి కదా అని తనకి తానే సర్దిచెప్పుకుంది.

"నాకంటే కొంచెం పొట్టి తను. గౌన్లు మాత్రం పొడుగు."

*

శుక్రవారమంతా టేపమ్మాయి కొట్లో కూర్చుని జీన్స్ సంచులు కుట్టింది. కళ్లు సూది మీద కంటే రోడ్డు అవతలే ఎక్కువున్నాయి. కళ్లజోళ్ల షాపులోకి అతనికంటే కొంచెం పొట్టిగా, పొడుగు గౌను వేసుకుని ఎవరు వెళ్లినా కుట్టు వంకర పోయింది. ఒకావిడ లోపల నలభై నిమిషాలుంది. పదకొండు ఫ్రేములు పెట్టి చూసుకుంది. పన్నెండోది అతనే ఆవిడ చెవుల మీద సర్దాడు. 'ఇదేనా తను? ఆదివారం దాకా ఆగలేకపోయిందా?' అనుకుంటుండగా, ఆవిడ ఇద్దరు పిల్లల్నీ మొగుడినీ వెంటబెట్టుకుని బయటికొచ్చింది.

"ఏమే, వేలు కుట్టేసుకున్నావా?" అంది మేనత్త. "మొహం ఆ పాత కెటిల్‌లా నల్లబడింది."

"నాకేం, బాగానే ఉన్నాను."

"నీలం రంగు డబ్బా నిండా ఉంటే పెట్టెలకి ఆ వెలిసిన గోధుమరంగు వేస్తున్నావేం?"

"నీలం బాగోదు."

మేనత్త కళ్లజోడు పైనుంచి ఓ చూపు చూసింది. మళ్లీ తన పనిలో పడింది. ఏదైనా అంటే గొడవేననుకుంది కాబోలు.

శనివారం మధ్యాహ్నం అడ్డుచెక్క బిగించాల్సి వచ్చింది. పాత తలుపు పలక ఒకటి కోసి, నున్నగా రుద్ది తెచ్చింది. అల్మారా వెడల్పు నలభై ఎనిమిది అంగుళాలు. ఇరవై నాలుగు దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టింది. అతను కాగితపు సంచీ ఒకటి పట్టుకుని ఉత్సాహంగా పైకొచ్చాడు. అందులో గుడ్డ చుట్టిన మెత్తటి హ్యాంగర్లు పన్నెండు ఉన్నాయి.

"తన గౌన్ల భుజాలు పాడవకుండా," అన్నాడు. అతని చొక్కాలు ఇనపతీగ హ్యాంగర్ల మీద ఉన్నాయి. "టీ తెస్తానుండండి." కిందికి దిగిపోయాడు.

టేపమ్మాయి ఆ హ్యాంగర్ల వంక చూసింది. ఒక్కోటి దూదిలా మెత్తగా ఉంది. ఎవత్తో తెలియదు, ఎలా ఉంటుందో తెలియదు. ఏ పుణ్యం చేసుకుందో ఈ మనిషి చేత ఇంత సేవ చేయించుకుంటోంది. తనకి నీలం ఇష్టం. తను అల్లింది. తన భుజాలు.

రబ్బరుతో గీత చెరిపేసింది. నాలుగంగుళాలు పక్కకి జరిపి కొత్త గీత గీసింది. అతనికి ఇరవై ఎనిమిది, ఆ 'తను'కి ఇరవై.

ఎనిమిదేళ్లుగా ఈ పని చేస్తోంది. నూలుపోగంత తేడా వచ్చినా విప్పి మళ్లీ బిగించే మనిషి. ఆ రోజు తప్పు గీత మీద పలక నిలబెట్టి, ఒక్కో స్క్రూ తిప్పుతున్నప్పుడల్లా చెయ్యి వద్దంటూనే ఉంది. అయినా ఆపలేదు. అతను టీ కప్పులతో వచ్చేసరికి పలక బిగిసిపోయింది, రెండు వైపులా కడ్డీలు అమరిపోయాయి.

అతను చూశాడు. కళ్లు చిట్లించి మళ్లీ చూశాడు. ఏదో అడగబోయి ఆమె మొహం చూసి ఆగాడు. "చాలా బాగుందండీ," అన్నాడు. ఆమె టీ కప్పు ముట్టకుండానే పక్కన పెట్టేసింది.

*

ఆదివారం ఉదయం తలుపుకి కొక్కేలు రెండు బిగించాల్సి ఉంటే వెళ్లింది. అతను కబురు పెట్టకపోయినా ఏదో వంకతో వెళ్లేదే. ఆ 'తను' ఎలా ఉంటుందో ఒక్కసారి చూసి, ఆ తర్వాత జన్మలో రోడ్డు దాటకూడదని నిర్ణయించుకుంది.

పది దాటాక కింద టాక్సీ ఆగింది. అతను కిటికీ దగ్గరికి పరిగెత్తాడు.

"అక్కా!"

టేపమ్మాయి చేతిలోంచి స్క్రూ జారి మంచం కిందికి దొర్లింది.

అక్క! ఆ క్షణంలో ఆమెకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. సిగ్గులేకుండా నవ్వొచ్చేసింది. ఆ వెంటనే కళ్లు అడ్డుచెక్క మీద పడ్డాయి. నవ్వు పెదాల మీదే ఎండిపోయింది.

అక్క మెట్లెక్కి వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఒక పెట్టె, రెండు నల్ల ప్లాస్టిక్ సంచులు. హడావిడిగా సర్దుకుని వచ్చిన మనిషని చూస్తేనే తెలుస్తోంది. తమ్ముడు సంచులందుకుని, "ఈ గది నీదే అక్కా. నేను ముందు గదిలో పడుకుంటాను. అల్మారా ఒక్కటే ఉంది కాబట్టి సగం సగం. తలుపు తియ్యి!" అన్నాడు చిన్నపిల్లాడిలా.

అక్క తలుపు తీసింది. ఖాళీగా ఉన్న వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది. మెత్తటి హ్యాంగర్లని ఒక్కోటీ వేలితో తాకింది.

"ఇదంతా నాకేనా?"

"నీకే."

సంచీ విప్పి గౌన్లు తగిలించడం మొదలుపెట్టింది. ఎనిమిది పట్టాయి. తొమ్మిదోది తోసి పెట్టింది. పదోది పెట్టబోతే ముందున్నవి ముడతలు పడుతున్నాయి. అటు చూసింది, ఇటు చూసింది. తమ్ముడి వైపు చొక్కాల మధ్య చెయ్యి దూరేంత ఖాళీ ఉంది.

"ఇక్కడ కూడా నాది చిన్న వాటానేనా?" అంది నవ్వుతూ. సరదాకే అంది పాపం. గొంతు మాత్రం మధ్యలోనే జీరబోయింది. "ఫరవాలేదులే. అక్కడ పదేళ్లు తలుపు వెనక రెండు కొక్కేలతో సరిపెట్టుకున్నాను. ఇంట్లో మూడు బీరువాలుండేవి. మూడూ ఆయనవే. నాకు అలవాటే."

పదో గౌనుని మళ్లీ సంచీలో పెట్టబోయింది.

"అది కాదక్కా," అన్నాడతను తడబడుతూ. "ఆ గోడ కొంచెం వంకర. అందుకని ఈవిడ..."

అతను ముందే గమనించాడన్నమాట! కళ్ల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో కొలిచే మనిషికి నాలుగంగుళాలు తెలియకుండా ఉంటాయా? తెలిసీ ఆమెని ఒక్క మాట అనలేదు. ఇప్పుడు ఆమె కోసం అక్కతో అబద్ధం కూడా ఆడుతున్నాడు. ఊరుకుంటే బతికిపోవచ్చు. గోడ మీద తోసేస్తే సరిపోతుంది.

"గోడ వంకర కాదండీ," అంది టేపమ్మాయి. "వంకర నాది."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"సరిగ్గా సగం అని ఆయన పదిసార్లు చెప్పారు. నేనే కావాలని నాలుగంగుళాలు తగ్గించాను. నీలం రంగు కూడా డబ్బా నిండా ఉంది. లేదని అబద్ధం చెప్పాను."

"ఎందుకమ్మా? నేను నీకు తెలియను కూడా," అంది అక్క, కోపం కంటే ఆశ్చర్యంతో.

"తెలియదు కాబట్టే." టేపమ్మాయి చెవులు కాలిపోతున్నాయి. మెడలో టేపుని వేలికి చుట్టుకుంటూ, నేల చూపులు చూస్తూ చెప్పింది. "ఆయన మిమ్మల్ని అక్క అనలేదు. 'తను' అన్నారు. తను వస్తోంది, తను అల్లింది, తనకి నీలం ఇష్టం అన్నారు. నేనేమో... ఇంకెవరో అనుకున్నాను. నాకు ఒళ్లు మండింది. అసూయతో చేశాను. మీ వాటా తగ్గించాను. నా చేతులతో నేనెప్పుడూ ఇలాంటి పని చెయ్యలేదు. నన్ను క్షమించండి."

అక్క ఆమెని చూసింది. తమ్ముణ్ని చూసింది. అతను ఎర్రగా కందిపోయి, నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఉన్నట్టుండి అక్క మంచం మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఒరేయ్ వెధవా, నన్ను పట్టుకుని 'తను' అన్నావా?"

"నువ్వే కదక్కా, వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దన్నావు! అక్క అంటే అందరూ ఎందుకొస్తోందని అడుగుతారు కదా!"

"చెప్పొద్దంటే పెళ్లాన్ని చేసేస్తావురా?" కళ్లనీళ్లు తుడుచుకుంది. అవి నవ్వువో ఏడుపువో ఆమెకే తెలియదు. తర్వాత లేచి టేపమ్మాయి దగ్గరికొచ్చింది. "చూడమ్మాయ్, పదేళ్లలో నాకు తక్కువిచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. తక్కువిచ్చానని ఒప్పుకున్నది నువ్వొక్కదానివే. ఇప్పుడు విప్పి సరిచెయ్యి. మళ్లీ నా దగ్గర తక్కువ చేస్తే ఊరుకోను."

"ఇప్పుడే చేస్తానండీ!"

పలక విప్పింది. అతను ఒక పక్క పట్టుకున్నాడు. ఇరవై నాలుగు దగ్గర గీత పడింది. రెండుసార్లు కాదు, మూడుసార్లు కొలిచింది. పలక బిగిసింది కానీ అక్క వైపు కడ్డీ ఇప్పుడు నాలుగంగుళాలు పొట్టి. కొత్త పైపు కావాలి.

"కొట్లో ఉంది. తెస్తాను," అంది టేపమ్మాయి.

"నువ్వూ వెళ్లరా," అంది అక్క. "ఒక్కతే ఎలా మోస్తుంది?"

కర్టెన్ పైపు ఒక్క చేత్తో ఎత్తొచ్చు. ఆ మాట ఇద్దరిలో ఒక్కరూ అనలేదు.

*

వాన మళ్లీ అందుకుంది. కొట్లో మేనత్త లాంతరు గాజు తుడుస్తోంది. తడిసిన ఇద్దరినీ చూసి చెయ్యి ఆపింది.

"పైపు కావాలత్తా."

"ఉన్నాయిగా, తీసుకో. ఈ బాబుకేం కావాలి?"

కళ్లజోళ్లబ్బాయి గొంతు సవరించుకున్నాడు. దారిలో ఒక్క మాట మాట్లాడనివాడు ఒక్కసారిగా, "మీ మేనకోడలు కావాలండీ," అనేశాడు. అని తనే భయపడిపోయాడు. "అంటే... తనకి ఇష్టమైతేనే. ఇష్టమని ఇందాక అర్థమైంది. నాకైతే చాలా రోజులుగా ఇష్టం. అల్మారాకి వడ్రంగిని పిలవొచ్చు. ఈవిడ మా ఇంటికి రావాలని పిలిచాను."

పైపుల కట్ట దగ్గర వంగిన టేపమ్మాయి లేవడం మర్చిపోయింది.

మేనత్త తొణకలేదు. "ముందే చెబుతున్నా బాబూ. దీనికి అసూయ జాస్తి. చిన్నప్పుడు నేను పక్కింటి పిల్లకి జడ వేస్తే రెండ్రోజులు అన్నం మానేసింది."

"అత్తా!"

"తెలుసండీ," అన్నాడతను. "నాక్కూడా తక్కువేం లేదు. వారానికోసారి సామాను దింపడానికి వ్యానాయన వస్తాడే, ఈవిడతో నవ్వుతూ మాట్లాడతాడు, ఈవిడా నవ్వుతుంది. ఆయన్ని చూస్తే నాకు మూడు నెలలుగా పడదు. పోయినవారం ఆ కోపంలో ఒక లెన్స్ పగలగొట్టాను కూడా."

మేనత్తా మేనకోడలూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఎవరు, పళ్లసెట్టు తాతా?" అంది టేపమ్మాయి. "ఆయనకి మనవరాలి పెళ్లయింది!"

"తాతా?" అతను నోరెళ్లబెట్టాడు. "నాకు దూరం చూపు అంత బాగా ఆనదండీ. షాపులోంచి టోపీ, వ్యాను మాత్రమే కనిపిస్తాయి."

మేనత్త నవ్వు ఆపుకోలేక లాంతరు గాజు పక్కన పెట్టేసింది. "కళ్లజోళ్లమ్మేవాడికి చూపు ఆనదు. కొలతలు తీసేదానికి కొలత తప్పింది. బాగుందమ్మా మీ వరస!" అని, తన చేతిలోని పొడిగుడ్డ అతని తల మీద వేసింది. "తుడుచుకో నాయనా. సాయంత్రం మీ అక్కని తీసుకురా. పెద్దవాళ్లం మేమూ మాట్లాడుకోవాలి కదా."

పైపు చెరో కొసా పట్టుకుని ఇద్దరూ బయటికొచ్చారు. రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి. పై కిటికీలోంచి అక్క చెయ్యి ఊపుతోంది. ముందు నడుస్తున్న అతను వెనక్కి తిరిగి, "అక్కడ గుంట ఉంది, చూసి నడు," అన్నాడు.

టేపమ్మాయి ఆగిపోయింది. పైపు లాగినట్టయి అతనూ ఆగాడు.

"ఏమన్నారు?"

"గుంట ఉందని... క్షమించండి, నోరు జారింది. నడవండి."

"అది కాదు. నోరు జారిన మాట."

అతని కళ్లజోడు నిండా వాన చినుకులే. అయినా ఈసారి సరిగ్గానే చూశాడు.

"నడు," అన్నాడు మెల్లగా.

ఆమె గుంట దాటి నడిచింది.